యాభై ఐదు నిమిషాల పందెం

మా జిరాక్స్ షాపును ఆనుకునే టికెట్ల ఆఫీసు. ఆఫీసంటే రెండు బల్లలు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, రోజుకొకసారైనా కాగితం మింగి కూర్చునే ఒక ప్రింటరు, గోడ నిండా ఒక పటం. ఆ పటం కింద ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్న ఆవిడను మా వీధంతా ఎంతసేపమ్మ అంటుంది. ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్న ప్రతివాడూ మొదట "ఎంత దూరం?" అంటాడు, ఆ వెంటనే "ఎంతసేపు?" అంటాడు. దూరం ఎవరైనా చెప్పగలరు, పటంలో ఉంటుంది. ఎంతసేపన్నది చెప్పడంలోనే ఉంది ఆవిడ పనితనమంతా.

ఆరు గంటల ప్రయాణమైతే ఆరున్నర అని చెప్పేది. "అరగంట ముందు చేరినవాడు లాటరీ తగిలినట్టు దిగుతాడు. మళ్లీ మన దగ్గరికే వస్తాడు," అని ఆవిడ సిద్ధాంతం. కోపిష్టి మనుషులకు ముప్పావుగంట కలిపేది. పుట్టింటికి వెళ్లే ఆడపిల్లలకు మాత్రం నిమిషం కూడా కలపకుండా ఉన్నదున్నట్టు చెప్పేది. "వాళ్లు టికెట్టు తీసుకోకముందే సగం దారి వెళ్లిపోయి ఉంటారు. వాళ్లతో అబద్ధమాడి లాభం లేదు," అనేది.

అంతమందిని విమానాలెక్కించిన మనిషి తాను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. దీపం కిందే చీకటి. కోరిక లేక కాదు, కారణం దొరక్క. ఆవిడ భర్త బస్సు డ్రైవరు. పొద్దున ఆరుంబావుకు మా ఊళ్లో బయలుదేరి, పదకొండూ నలభైకి అవతలి నగరం చేరే బస్సు ఆయనది. పంతొమ్మిదేళ్లుగా అదే బస్సు వేళ, అదే దారి. ఆవిడ తల్లి ఉండేది కూడా ఆ నగరంలోనే, తమ్ముడి దగ్గర. బస్టాండు నుంచి ఐదు నిమిషాల నడక. ఇక విమానం ఎందుకు? "డ్రైవరు పెళ్లాం విమానమెక్కితే, వంటవాడి పెళ్లాం హోటల్లో తిన్నట్టుంటుంది," అని తనకు తానే సర్దిచెప్పుకునేది.

ఆ కారణం చివరికి బావ రూపంలో వచ్చింది.

బావ అంటే ఆవిడ అక్క మొగుడు. ఆస్పత్రులకు మంచాలు అమ్మే కంపెనీలో పని. వాళ్ల పెద్ద ఆఫీసు ఆ నగరంలో ఉండటంతో నెలకొకసారి మీటింగుకు వెళ్లివచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ వరసగా నాలుగు రోజులు విమానం కబుర్లే. మనిషి చెడ్డవాడు కాదు. అడిగితే చొక్కా విప్పి ఇచ్చేరకం. కానీ కోతలు కోయందే అన్నం అరగదు. మరదలు ఆయనకు గాలిబావ అని పేరు పెట్టింది. ఆయనా ఆ పేరుకు మురిసిపోయేవాడు, విమానం గాలి అనుకుని.

ఒక ఆదివారం అక్కాబావల ఇంట్లో నలుగురూ భోజనానికి కూర్చున్నారు. గాలిబావ డ్రైవరు వైపు తిరిగాడు.

"ఏం తోడల్లుడూ, ఇంకా ఆ డబ్బా తోలుతూనే ఉన్నావా? మొన్న నేను ఇక్కడ పళ్లు తోముకుని అక్కడ టిఫిను తిన్నాను. యాభై ఐదంటే యాభై ఐదు నిమిషాలు!"

డ్రైవరు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "మంచిది అన్నయ్యా," అని మజ్జిగ కలుపుకున్నాడు. ఎంతసేపమ్మ ఊరుకోలేదు.

"ఏ గడప నుంచి ఏ గడపకి బావా?"

"అంటే?"

"ఆ యాభై ఐదు నిమిషాలు ఏ గడప నుంచి ఏ గడపకి అని. మీ స్నానాలగది నుంచి మా అమ్మ వంటింటి దాకానా? మన విమానాశ్రయం ఊరికి నలభై ఐదు కిలోమీటర్లు. అక్కడిది మా అమ్మ ఇంటికి నలభై. మధ్యలో వరసలు, తనిఖీలు. అవన్నీ ఏ పద్దులో రాస్తున్నావు?"

"నువ్వెప్పుడైనా ఎక్కావా, తెలియడానికి?"

"ఎక్కలేదు. ఎక్కించాను. రెండువేల మందిని."

అక్క ముసిముసిగా నవ్వింది. అది చూసి గాలిబావకు రోషం వచ్చింది. పైవారం అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజు, అందరూ ఎలాగూ అక్కడికి వెళ్లవలసినవాళ్లే. తాను విమానంలో, తోడల్లుడు తన బస్సులో, ఎవరు ముందు అత్తగారి గడప తాకుతారో చూసుకుందామన్నాడు. ఓడినవాడు ఆ రోజు భోజనానికి వచ్చే పదిహేను మంది గిన్నెలూ ఒక్కడే కడగాలి.

అక్కడికక్కడే తల్లికి ఫోను చేసి న్యాయం చెప్పమన్నారు. ఆవిడ అంతా విని, "ఎవరు ముందొచ్చినా నాకు సంతోషమేరా నాయనా. గిన్నెలు మాత్రం నేను ముట్టుకోను," అని ఫోను పెట్టేసింది.

ఆరింటికి ముందు ఎవరూ ఇల్లు కదలకూడదని ఒక షరతు. మరి సాక్షులెవరు? మొగుడికి పెళ్లాం సాక్ష్యం చెబితే ఎవరు నమ్ముతారు? అందుకని అటు మనిషి ఇటు, ఇటు మనిషి అటు అనుకున్నారు. అక్క బస్సులో మరిదిని కాపలా కాయాలి. ఎంతసేపమ్మ విమానంలో బావను కాపలా కాయాలి. ఆ మాట ఖాయమవగానే ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయిందట.

మర్నాడు ఆఫీసులో ఒక టికెట్టు కవరు వెనక లెక్క వేసింది. ఆరింటికి ఇల్లు కదిలితే దొరికే మొదటి విమానం తొమ్మిదీ పదిది. అది పదీ అయిదుకు దిగుతుంది. బయటపడి, టాక్సీ ఎక్కి, ఆ నగరం రద్దీలో ఈదుకుంటూ తల్లి గడప తాకేసరికి పదకొండూ నలభై. బస్సు దిగి నడిచి అదే గడప తాకేసరికి పదకొండూ నలభై ఐదు. మొగుడు ఐదు నిమిషాల తేడాతో ఓడిపోతున్నాడు.

ఆవిడ ఆ కవరును మా షాపుకు తెచ్చి నాకు చూపించింది. "ఐదు నిమిషాలే కదండీ," అన్నాను.

"అవును, ఐదు నిమిషాలే. అవి ఎలా పుట్టించాలో నాకు తెలుసు," అని కళ్లు చికిలించి వెళ్లిపోయింది. ఆవిడ కళ్లు అలా చికిలించిందంటే ఎవరికో మూడిందన్నమాట.

ఆ మధ్యాహ్నమే అక్కకు ఫోను వెళ్లింది. సామాను విడిగా వేస్తే దాని కోసం ఆగాల్సి వస్తుందని గాలిబావ ఒక్క చేతిబ్యాగుతోనే బయలుదేరుతున్నాడు. ఆ బ్యాగు సర్దేది అక్క. తల్లికి బట్టలు కుట్టే అలవాటుంది, కొత్త కత్తెర కావాలని ఎప్పటినుంచో అంటోంది. తలనూనె కూడా ఇక్కడిదే కావాలంటుంది. జానెడున్నర దర్జీ కత్తెర ఒకటి, అర లీటరు నూనె సీసా ఒకటి, చొక్కాల మడతల్లోకి చేరాయి. మొగుడి బ్యాగులో మొగుడికి తెలియకుండా వస్తువులు పెట్టడం అక్కకు కొత్తేమీ కాదు. కాకపోతే ఇంతకుముందు పెట్టినవి మందుబిళ్లలు, మఫ్లరూ.

అనుకున్న రోజు రానే వచ్చింది. ఆరయ్యేసరికి డ్రైవరూ అక్కా బస్టాండు వైపు, మరదలూ బావా టాక్సీలో విమానాశ్రయం వైపు కదిలారు. ఎంతసేపమ్మ భర్త చేతిగడియారం అడిగి పెట్టుకుంది. ఆయన మణికట్టు లావు, ఆవిడది సన్నం. అది మోచేతి దాకా జారుతూ ఉంటే పైకి తోసుకుంటూ టైము చూసుకుంటోంది.

విమానాశ్రయం దగ్గర ఆవిడకు మొదటి అనుమానం వచ్చింది. నెలనెలా తిరిగే మనిషి దిగేవాళ్ల ద్వారం ముందు నిలబడి లోపలికి తోసుకోబోయాడు. కాపలా అతను ఆపాడు. "మొన్నటిదాకా ఇటే ఉండేది, మార్చినట్టున్నారు," అన్నాడు గాలిబావ. నేల ఊడుస్తున్న ఒకామె చీపురు ఎత్తి పై అంతస్తు చూపించి, "కట్టిన కాణ్ణుంచీ పైనే అయ్యా," అంది.

తనిఖీ దగ్గర బ్యాగు యంత్రంలోకి వెళ్లింది, బయటకు రాలేదు. యూనిఫాంలో ఉన్న అమ్మాయి దాన్ని పక్కకు తీసి, "ఎవరిదండీ ఇది?" అంది.

"నాదే," అన్నాడు గాలిబావ, తొందరగా చెయ్యి చాస్తూ.

ఆ అమ్మాయి జిప్పు లాగి కత్తెర బయటికి తీసింది. దాని వెంట నూనె సీసా వచ్చింది.

"ఇవీ?"

"ఇవి నావి కాదు!"

"బ్యాగు మీదే, లోపలివి మీవి కావు. అంటే మీకు తెలియకుండా ఎవరో మీ బ్యాగులో పెట్టారంటారా?"

"అవునండీ! అచ్చంగా అదే!" అన్నాడు, తనకు న్యాయం జరుగుతోందనుకుని.

ఆ చోట అనకూడని మాట ఏదైనా ఉంటే అదే. ఇంకో ఇద్దరు వచ్చారు. బ్యాగు మొత్తం బల్ల మీద బోర్లించారు. చొక్కాలు దులిపారు. మేజోళ్లలో చెయ్యి పెట్టి చూశారు. బూట్లు విప్పించారు. గాలిబావ రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉండగా, అవతల బెంచీ మీద ఎంతసేపమ్మ పైటచెంగు నోట్లో కుక్కుకుని నేల వైపు చూస్తూ కూర్చుంది. గడియారం ప్రకారం ఇరవై ఆరు నిమిషాలు. అడిగింది ఐదు, దక్కింది ఇరవై ఆరు.

ఆయన బూట్లు చేత్తో పట్టుకుని వచ్చి పక్కన కూలబడ్డాడు. ఆవిడ సానుభూతి ముఖం ఒకటి తగిలించుకుని, "అయ్యో, ఎంత ఆలస్యమైపోయింది బావా," అంది.

గాలిబావ లేసులు కట్టుకుంటూ తీరిగ్గా అన్నాడు. "ఆలస్యమేముంది? విమానం తొమ్మిదీ పదికే కదా. ఇప్పుడు ఎనిమిదిన్నర. వాళ్లు ముందే వదిలేసినా ఇక్కడ కూర్చుని ఈగలు తోలుకోవాల్సిందే. కత్తెర పెట్టిందెవరో గానీ, నాకు మంచి కాలక్షేపం చేసి పెట్టింది."

ఇరవై రెండేళ్లు విమానాల వేళలు అమ్ముకున్న మనిషికి, విమానం వేళ విమానానిదేనన్న ముక్క తట్టలేదు. ప్రయాణికుణ్ణి ఎంత ఆపినా విమానం ఆగదు. బాగా ఆపి ఉంటే అసలు ఎక్కేవాళ్లే కాదు, తనతో సహా. పందెం మాట అటుంచి, తన విమానం తానే పోగొట్టుకునేది.

కిటికీ పక్క సీటు ఆవిడదే. టికెట్టు తీసింది ఆవిడే కదా. బావకు సీటు పట్టీ పెట్టుకోవడం చేతకాలేదు. ఎడమ ముక్కను కుడి పక్కావిడ ముక్కతో తగిలించబోతే, ఆ పెద్దావిడ నవ్వి, "ఇది నాది బాబూ," అని సరిచేసింది. విమానం కదిలింది మొదలు గాలిబావ కళ్లు మూసేశాడు. రెండు చేతులతో కుర్చీ చేతుల్ని పట్టుకున్న పట్టుకు వేళ్లు తెల్లబడ్డాయి. నుదుట చెమట. ఎంతసేపమ్మకు ఇది రెండో అనుమానం, కానీ అప్పటికి ఆవిడకు బావ సంగతి చూసే తీరిక లేదు.

గడియారం చూసుకుంది. తలుపు మూసింది తొమ్మిదీ పదికి, కదిలింది పద్నాలుగుకు. నేల వదిలింది ఇరవై ఆరుకు. ఆ వదలడం దగ్గర ఆవిడ గొంతులోంచి చిన్నపిల్లలు ఉయ్యాలలో అరిచే అరుపు ఒకటి బయటపడింది. ముందు వరసలోవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ వాళ్లకు చెయ్యి ఊపింది.

కింద ఊరు అగ్గిపెట్టెలంత అయింది, ఆ తర్వాత చేలు అతుకుల దుప్పటిలా పరుచుకున్నాయి. వాటి మధ్య తెల్లటి దారం ఒకటి మెలికలు తిరుగుతూ ఉత్తరంగా పోతోంది. కాసేపటికి ఆవిడకు తెలిసింది, అది రోడ్డు. గోడ మీది పటంలో వేలు పెట్టి రోజూ చూపించే రోడ్డు. ఏటి వంతెన దగ్గర ఒక వంపు, రాళ్లగుట్ట దగ్గర ఇంకో వంపు. ఆ రెండు వంపుల మధ్యే ఆయన టీ తాగుతాడు. పంతొమ్మిదేళ్లుగా పొద్దునపోయి మర్నాడు వచ్చే మనిషి తిరిగే దారంతా ఆ బెత్తెడు అద్దంలో పట్టింది. ఆవిడ నుదురు అద్దానికి ఆనించి, ఆ దారం మీద పాకుతున్న చుక్కల్లో ఆయన ఎర్రబస్సును వెతికింది. అన్నీ చుక్కలే, రంగు తెలియలేదు. కళ్లల్లో నీళ్లు ఎందుకొచ్చాయో తెలియక, ఎండ పడిందనుకుని తుడుచుకుంది.

తొమ్మిదీ యాభై ఒకటికి, దిగబోతున్నాం పట్టీలు పెట్టుకోండి అని చెప్పారు.

"ఇదేమిటి!" అంది ఎంతసేపమ్మ, బాగా గట్టిగానే. "ఇరవై ఐదు నిమిషాలేగా అయింది! యాభై ఐదని రాసి అమ్ముతున్నాం!"

"మిగతాది నేల మీదండీ," అంది బావ పక్కనున్న పెద్దావిడ.

"నేల మీద కూర్చోవడానికి విమానం దేనికండీ? మా ఆఫీసులో కుర్చీలున్నాయి."

ఆవిడ గోడు ఎవరు విన్నారో గానీ, మళ్లీ మైకులో గొంతు వినిపించింది. కింద దారి ఖాళీగా లేదు, కాసేపు పైనే తిరగాలి. విమానం ఒక రెక్క వంచి వెడల్పుగా చుట్టు తిరిగింది. చుట్టూ ఉన్నవాళ్లు నిట్టూర్చారు, గడియారాలు చూసుకున్నారు. గాలిబావ కళ్లు తెరిచి, కిటికీలో ఆకాశం ఉండాల్సిన చోట నేల కనపడేసరికి మళ్లీ మూసుకుని, "ఏమైంది, ఏమైంది?" అన్నాడు.

"ఏం లేదు బావా, ఇంకో చుట్టు వేస్తున్నారు. ఊరికేనే!" అంది ఆవిడ, ఆనందంతో చప్పట్లు కొట్టడం ఒక్కటే తక్కువగా.

మూడు చుట్లు తిరిగి పదీ పదిహేడుకు దిగారు. పన్నెండు నిమిషాల ఆలస్యం. పందెం లెక్కలో అది మొగుడి వైపు పడింది, కానీ ఆవిడకు ఆ లెక్కే గుర్తు లేదు. గుర్తున్నది గాలిబావకు. నేల మీద అడుగు పెట్టగానే ఆయనకు ప్రాణం లేచివచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కుంటూ పరిగెత్తి టాక్సీ ఎక్కించాడు. దారంతా కాలు గాలిన పిల్లిలా ముందుకూ వెనక్కూ ఊగుతూ, "అటు పో, ఇటు పో, ఆ లారీని దాటు," అని ప్రాణం తీస్తుంటే, చివరికి టాక్సీవాడు బండి పక్కకు ఆపి, "మీరు తోలతారా సార్?" అన్నాడు. ఆ తర్వాత కుక్కిన పేనులా కూర్చున్నాడు.

వీధి మలుపులోనే టాక్సీ దిగి పరుగందుకున్నాడు. ఎంతసేపమ్మ వెనకాలే నడిచి వెళ్లేసరికి ఆయన అత్తగారి గడప మీద రెండు చేతులూ ఆనించి, రొప్పుతూ, "పదకొండూ నలభై మూడు! గెలిచాను! సాక్షివి నువ్వే!" అని అరుస్తున్నాడు. తలుపుకు తాళం వేసి ఉంది. మెట్ల పక్కన పిల్లి ఒకటి లేచి ఆయన వైపు చూసి మళ్లీ పడుకుంది.

తమ్ముడికి ఫోను చేశారు. "అమ్మ బస్సుకి ఎదురెళ్దామందక్కా, అందరం బస్టాండులో ఉన్నాం. బస్సింకా రాలేదు. దారిలో పెద్దక్కకి వాంతులట. బావ ఆపుకుంటూ ఆపుకుంటూ వస్తున్నాడు. ఇంకో ముప్పావుగంట పట్టేట్టుంది," అన్నాడు తమ్ముడు.

ఎంతసేపమ్మ గుమ్మం మెట్టు మీద కూర్చుంది. పై వాటాలో ఉండేవాళ్ల దగ్గర ఇంకో తాళంచెవి ఉంటుందని ఆవిడకు తెలుసు. చెప్పలేదు. బావను ముప్పావుగంట పాటు పారిపోయే దారి లేకుండా కూర్చోబెట్టే అవకాశం మళ్లీ రాదు. ఆయన వచ్చి పక్కన చతికిలబడి చెమట తుడుచుకున్నాక మెల్లగా అడిగింది.

"బావా, ఒక మాట అడుగుతాను. నిజం చెప్పు. ఎన్నిసార్లు ఎక్కావు?"

"ఏం ప్రశ్న అది? నెలనెలా..."

"పైకెక్కే ద్వారం తెలియదు నీకు. పట్టీ పెట్టుకోవడం రాదు. దారంతా కళ్లు తెరవలేదు. నేను పక్కనే ఉన్నాను బావా."

గాలిబావ పిల్లి వైపు చూశాడు. వీధి అటు చివరికి, ఇటు చివరికి చూశాడు.

"ఇది రెండోసారి," అన్నాడు.

మొదటిసారి పదకొండేళ్ల కిందట. కుదుపులు వచ్చాయట. దిగాక అక్కడే నేల మీద కూర్చుండిపోతే ఇద్దరు లేపి నిలబెట్టారట. అప్పటినుంచి కంపెనీవాళ్లు విమానం టికెట్టిస్తామన్నా, రైల్లో అయితే కాగితాలు చూసుకోవచ్చని వంక చెప్పి రైల్లోనే పోతున్నాడు. ఇంట్లోవాళ్లతో మాత్రం విమానమనే అన్నాడు. ఒకసారి అన్నాక మళ్లీ కాదనడం ఎలా?

"మరి ఆ యాభై ఐదు నిమిషాలు?"

"నీ ఆఫీసు గోడ మీద రాసుందిగా. అక్కడే చూసి బట్టీపట్టాను."

ఆవిడకు నవ్వు మొదలై ఆగలేదు. మెట్టు మీద పక్కకు ఒరిగిపోయి, పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వింది. పిల్లి విసుగు పుట్టి వెళ్లిపోయింది. నవ్వుతూనే బావ ముఖం చూసింది. ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉన్నాడు. అంత భయం పెట్టుకుని, ఒక్క మాట పడలేక, పొద్దున నోరు మూసుకుని విమానం ఎక్కాడీ మనిషి. ఆ సంగతి తోచేసరికి ఆవిడ నవ్వు దానంతటదే తగ్గింది.

"ఎవరికీ చెప్పకు మరదలా. మీ అక్కకి అసలే చెప్పకు."

"చెప్పను. కానీ..."

"కానీ?"

"పదిహేను మంది బావా."

అర్థమయ్యేసరికి ఆయన లేచి నిలబడ్డాడు. "నేను గెలిచాను కదే!"

"గెలిచావు కాబట్టే. ఓడినవాడు కడిగితే అందులో గొప్పేముంది? గెలిచినవాడు కడిగితే వీధంతా చెప్పుకుంటారు."

పన్నెండూ ముప్పై ఐదుకు జనం వచ్చారు. ముందు తల్లి, ఆవిడ భుజం మీద వాలి పాలిపోయిన అక్క, వెనక తమ్ముడి సంసారం, అందరికంటే వెనక రెండు చేతుల్లో సంచులతో డ్రైవరు. బస్సు గెలవాలని కత్తెర దాకా వెళ్లిన అక్క, తన కడుపుతో ఆ బస్సును మూడు చోట్ల ఆపించింది. "పంతొమ్మిదేళ్లలో వంతెన దిగీదిగగానే బండి ఆపడం ఇదే మొదలు," అన్నాడు డ్రైవరు. "ఏం చేస్తాం, వదిన కదా." నేరుగా పెరట్లోకి వెళ్లి చొక్కా చేతులు మడుచుకోవడం మొదలుపెట్టాడు.

భోజనాలయ్యాక ఆయన పంపు దగ్గర కూర్చోబోతుంటే గాలిబావ వచ్చి భుజం పట్టుకుని లేపాడు. "లే తోడల్లుడూ. ఆడమనిషి కోసం బండి ఆపి ఓడినవాడి చేత గిన్నెలు కడిగిస్తే నేను మనిషినేనా? లే." అని అందరికీ వినబడేలా అని, పీట లాక్కుని కూర్చున్నాడు. పెరడంతా ముక్కున వేలేసుకుంది. అత్తగారు గుమ్మంలోకి వచ్చి చూసి, "అల్లుడుగారికి విమానమెక్కితే గాని బుద్ధి రాదని తెలిస్తే ఎప్పుడో ఎక్కించేవాళ్లం," అంది. తర్వాత డ్రైవరు కూడా ఊరుకోక ఒక గుడ్డ తీసుకుని కడిగినవి తుడుస్తూ కూర్చున్నాడు.

వంటింటి కిటికీలోంచి అక్కచెల్లెళ్లిద్దరూ చూస్తున్నారు. అక్కకు అప్పటికి కాస్త రంగు వచ్చింది.

"ఏమే, నిజంగా ఎక్కాడా?" అంది అక్క గొంతు తగ్గించి.

"ఎవరు?"

"మా ఆయన. నిజంగా విమానంలో కూర్చుని, నిజంగా దిగాడా?"

ఎంతసేపమ్మ అక్క వైపు తిరిగి చూసింది.

"పదకొండేళ్లుగా ఆ చొక్కా జేబుల్లో రైలు టికెట్లు ఉతికే ముందు తీసి పారేస్తున్నాను," అంది అక్క. "అడిగితే చిన్నబోతాడని అడగలేదు. తనే పందెం అన్నప్పుడు, ఇప్పుడైనా ఎక్కుతాడేమో చూద్దామనుకున్నాను. భయపడ్డాడా?"

"కొంచెం," అంది చెల్లెలు. "కానీ దిగాక బాగా పరిగెత్తాడు."

ఎవరికీ చెప్పనన్న మాట ఎంతసేపమ్మ నిలబెట్టుకుంది. అక్కకు కూడా ఆ ఒక్క ముక్క తప్ప చెప్పలేదు. ఈ గుట్టు నాకు చెప్పింది గాలిబావే, ఏడాది తర్వాత, మా షాపులో ఏవో కాగితాలు జిరాక్స్ తీయించుకుంటూ. ఆయనకు తెలియనివి ఆ తర్వాత ఎంతసేపమ్మ చెప్పింది. అప్పటికి ఆయన నెలనెలా తోడల్లుడి బస్సులోనే వెళ్తున్నాడు. డ్రైవరు వెనక సీటు ఆయనది. ఆ చుట్టుపక్కల కూర్చున్నవాళ్లకు విమానం గాల్లో ఎలా చుట్లు తిరుగుతుందో చేతులతో చూపిస్తాడట. ఈసారి అందులో అబద్ధం లేదు, కళ్లు మూసుకున్న సంగతి చెప్పడు, అంతే.

పుట్టినరోజు మర్నాడు పొద్దున తిరుగు బస్సులో ఎంతసేపమ్మ ముందు సీట్లో, భర్తకు ఎడమ పక్కన కూర్చుంది. ఊరు దాటేదాకా ఊరుకుని, రోడ్డు ఖాళీ అయ్యాక, పైనుంచి ఆ రోడ్డు ఎలా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టింది. దారంలా ఉంటుందని, రాళ్లగుట్ట దగ్గర వంపు చెవిలా కనబడుతుందని, ఏరు అసలు ఏరులాగే ఉండదని. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా విన్నాడు. అంతా అయ్యాక ఒక్క ప్రశ్న అడిగాడు.

"మన బండి కనబడిందా?"

"కనబడకేం! ఎర్రగా, ఇంత! చెయ్యి కూడా ఊపాను."

"ఎన్నింటికి?"

"తొమ్మిదీ నలభై ఐదుకి."

ఆయన మనసులో లెక్క వేసుకున్నాడు. "అప్పుడు మీ అక్క కోసం వంతెన దగ్గర ఆపి ఉన్నానే."

"అవునవును," అంది ఎంతసేపమ్మ, కళ్లు చికిలించి. "ఆగే ఉంది."